తుపాకి మరమేకు: దాని పూర్వచరిత్ర

చరిత్ర యనగానే రాజులును, దండయాత్రలును, కోటలును మన మనస్సునకు స్ఫురించును. నేటి ప్రసంగమున నేను విన్నవింపదలచినది గోరంత వస్తువును గూర్చి. దాని పేరు మరమేకు. ఇంగ్లీషువారు స్క్రూ అందురు. తలుపు బందులయందును, కుట్టుమిషనునందును, ఆయిలింజనునందును, ముక్కుమీది కంటిజోడునందును అది కలదు. దాని పుట్టుపూర్వోత్తరములు వెదకుచు పోయినచో త్రోవ తిన్నగా తుపాకులు చేయు కార్ఖానా ముంగిటికి తీసికొనిపోవును.

ఒక తుపాకిని బాగుచేయుటకై విప్పుచుండగా, అందలి మరమేకు తలమీది గాడి చెడిపోయినదనుకొందము. స్క్రూడ్రైవరు పెట్టి త్రిప్పిన పట్టు చిక్కదు, జారిపోవును. అప్పుడు పనివానికి రెండు కష్టములు కలుగును. ఆ మరమేకును బయటికి తీయుట మొదటి కష్టము. తీసిన పిమ్మట దానిచోట బిగించుటకు మఱియొకటి సంపాదించుట రెండవ కష్టము. ఈ కాలమున రెండవదానిని ఎవరును కష్టమని తలపరు. అంగడికి పోయి కొలత చెప్పినచో అణాల వెలకు దొరకుచుండెడిది. ఇప్పుడు రూపాయలకు దొరకుచున్నది. అయినను రెండు వందల యేండ్ల క్రిందట ఈ రెండవ కష్టమే కొండంతది. అది తొలగుటకు ఎందఱు శ్రమించిరో, ఎన్ని నష్టములు వాటిల్లెనో చెప్పుటయే నా యుద్దేశము. మొదటి కష్టమును గూర్చి పిదప ముచ్చటింతము. అది నేటికిని తీరలేదు.

మర యనగా నేమి? ఒక కాగితమును ముక్కోణముగా కత్తిరించి బలపమునకు చుట్టి చూడుడు. ఏటవాలుగా నున్న అంచు బలపము చుట్టును మెట్లవలె పైకి ప్రాకును. తిన్నగా కొండ నెక్కలేని బండి కనుమదారిన చుట్టి చుట్టి ఎక్కినట్లే, తిన్నగా లాగినచో కదలని బరువును మర చుట్టి చుట్టి కదల్చును. మన భాషలో ఈ మాటకు చిత్రమైన వ్యాప్తి కలిగినది. మేకు చుట్టునున్న చుట్టును మర యందుము; బియ్యము దంచు యంత్రమును బియ్యపుమర యందుము; యంత్రముతో నడచు మగ్గము మరమగ్గము. యంత్రమున కంతకును మరయే ప్రాణమని మన పూర్వులు కనిపెట్టిరో యేమో కాని, పేరు మాత్రము తగినట్లే యున్నది.

కఱ్ఱతో చేసిన మర బహు ప్రాచీనమైనది. రెండువేల యేండ్ల క్రిందటనే రోముదేశీయులు ద్రాక్షరసమును, ఓలివునూనెను పిండుటకు కఱ్ఱమర గల గానుగలను వాడిరి. అలెగ్జాండ్రియా పట్టణవాసియగు హీరో అను యంత్రజ్ఞుడు కఱ్ఱదిమ్మెలో లోపలివైపు మర కోయు పనిముట్టును వర్ణించి యున్నాడు. మన దేశమున పత్తినుండి గింజలు తీయు చేతిరాట్నమును పెద్దలు కొందఱు చూచియే యుందురు. దాని రెండు రోకళ్లును ఒకదానినొకటి ఎదురుగా త్రిప్పుకొనుటకు కారణము వాని చివరల చెక్కిన కఱ్ఱమరలే. చెఱకు గానుగలయందును అట్టివి కలవు. లోహముతో చేసిన మర కూడ మన యిండ్లలో లేకపోలేదు. ఆడువారి చెవికమ్మల వెనుక బిగించు మరను చూడుడు. కంసాలి దానిని చేతితో కోసినవాడే. అందుచేతనే పాతకాలపు కమ్మలలో ఎడమచెవి మర కుడిచెవి కమ్మకు పట్టదు. పట్టినను నాలుగు చుట్లు తిరిగి బిగుసుకొనును, లేదా వదులై జారును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. తరువాత చెప్పబోవు కథయంతయు దీనిలోనే యిమిడి యున్నది.

ఇనుప మరమేకు యూరపు ఖండమున 15వ శతాబ్దమున కనబడుచున్నది. జర్మను దేశమున 1480 ప్రాంతమున వ్రాయబడిన ఒక చిత్రగ్రంథమున మర కోయు తరిమెన బొమ్మ కలదు. విటోల్డ్ రిబ్‌చిన్‌స్కీ అను కెనడా గ్రంథకర్త స్క్రూడ్రైవరు చరిత్రను గూర్చియే యొక పుస్తకము వ్రాసి 2000లో ప్రకటించెను. ఆయన పాత చిత్రములను, ఆయుధశాలలను గాలించి, తలకు గాడి గల తొలినాటి మరమేకులను యోధుల ఇనుప కవచములయందును, తుపాకులయందును కనుగొనెను. కారణము ఊహింప కష్టము కాదు. తుపాకి పేలినప్పుడెల్ల అదురును. అదురునకు మేకులు వదులై ఊడిపోవును. మరమేకు అట్లూడదు. పైగా తుపాకిని అప్పుడప్పుడు విప్పి తుడువవలెను. మేకును పెఱికినచో కఱ్ఱ చెడును, మరమేకును త్రిప్పి తీసి మరల బిగింపవచ్చును. ఇంటిగృహస్థునకు అక్కఱలేని వస్తువు సిపాయికి ముందుగా అక్కఱకు వచ్చినది.

ఆ శతాబ్దముననే మర యెంత పెద్దపనికి వచ్చెనో తెలుపు ఫిరంగి యొకటి ఇంగ్లాండులో ఫోర్టు నెల్సను అను కోటయందు ఇప్పటికిని కలదు. దానిని 1464లో తురుష్క సుల్తానుకొఱకు మునీర్ ఆలీ యను శిల్పి కంచుతో పోతపోసెను. బరువు ఇంచుమించు 17 టన్నులు. అంత బరువును ఒక్క ముక్కగా తరలించుట దుర్ఘటమని దానిని రెండు ముక్కలుగా చేసి, నడుమ పెద్ద మరచేత కలిపిరి. అంచుచుట్టును గుంటలున్నవి. వానిలో గడలు దూర్చి, పదుగురు మనుష్యులు త్రిప్పి బిగించెడివారు. సుల్తాను అబ్దుల్ అజీజు దానిని 1866లో విక్టోరియా రాణికి బహూకరించెను.

మన దేశపు జామగి తుపాకుల పద్ధతి వేఱు. వాని గొట్టమును కఱ్ఱకు తోలుపట్టెలతోను, ఇత్తడి తీగెలతోను చుట్టి కట్టెడివారు. ఇది తక్కువ నేర్పని తలపరాదు. పట్టె వదులైనచో ఏ యూరిలోనైనను పచ్చితోలు తడిపి చుట్టినచో ఆఱి బిగుసుకొనును, పనిముట్టక్కఱ లేదు. అక్బరు కాలమున గొట్టములను లోపల నునుపుచేయుటకు ఎద్దు త్రిప్పు చక్రమొకటి యుండెననియు, అది ఒక్కసారి 16 గొట్టములకు పనిచేసెడిదనియు ఐనీ అక్బరీ చెప్పుచున్నది. ఇక ఉక్కు మాట చెప్పనక్కఱలేదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు. మన కమ్మరికి ఉక్కు తెలియును, కొలిమి తెలియును. ఒక్క కొలతకు వేల మరలు కోయవలసిన యవసరము మాత్రము ఆతనికి కలుగలేదు. ఆ యవసరమును కల్పించినది పెద్ద సైన్యములే.

ఆ కాలపు యూరపు తుపాకి ఎట్లు తయారగుచుండెను? గొట్టము ఒకడు, చెకుముకి రాయితో నిప్పు పుట్టించు యంత్రము ఒకడు, కఱ్ఱపని ఒకడు చేసెడివారు. కడపటి పనివాడు వానిని ఆకురాయితో రాచి రాచి ఒకదానికొకటి కుదిర్చెడివాడు. మరమేకులను చేతితో కోసెడివారు. ఒక్కొక్క మరమేకు తన రంధ్రమునకే సరిపోవును, పొరుగు రంధ్రమునకు పట్టదు, చెవికమ్మ మరవలెనే. అందుచేత విప్పునపుడు తాఱుమాఱు కాకుండ పనివారు వానిపై గీతలో, చుక్కలో గుర్తు పెట్టుకొనెడివారు. యుద్ధభూమిలో సిపాయి తుపాకిమర విఱిగినదా, ఆ తుపాకి మూలపడవలసినదే. ప్రక్కనే విఱిగిపడిన నూఱు తుపాకులున్నను వానిలో ఒక్క మరయు దీనికి పనికిరాదు. ఒక్క గోరంత ఇనుపముక్క లేక సిపాయి కఱ్ఱ పట్టుకొని నిలువవలసివచ్చుట ఏ సేనాపతికి ఇష్టమగును?

ఈ చిక్కును విడదీయ పూనుకొన్నవారిలో ఫ్రెంచివాడగు ఒనొరె బ్లాంకు ముఖ్యుడు. అతడు 1785లో పారిసు చేరువనున్న వాన్సెన్ కోటలో ఒక ప్రదర్శన చేసెను. యాబది చెకుముకి యంత్రములను విప్పి, ఒక్కొక్క జాతి ముక్కను ఒక్కొక్క గడిలో వేసియుంచెను. అప్పుడు ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా నున్న థామసు జెఫర్సను చేతికందిన ముక్కలను తీసి, తానే కొన్ని యంత్రములను కూర్చి చూచెను. అన్నియు చక్కగా కుదిరెను. ఆయన ఆశ్చర్యపడి ఆ సంగతిని 1785 ఆగస్టు 30వ తేదీన తన ప్రభుత్వమునకు జాబు వ్రాసెను. కాని బ్లాంకు పద్ధతి ఫ్రాన్సులో నిలువలేదు. చేతిపనివారికి అది కంటగింపయ్యెను. ఏ ముక్క యేదానికైనను కుదిరినచో కుదుర్చువాని కూలి యేమగును? వారి భయము నిరాధారమని నేననజాలను. ఈ కథ చెప్పువారు చాలమంది ఆ పనివారిని మూఢులుగా చిత్రించెదరు. అది న్యాయము కాదు.

జెఫర్సను జాబుతో బీజము అమెరికాలో పడెను. ఈలై విట్నీ అనునతడు 1798లో పదివేల తుపాకులను రెండేండ్లలో చేసి యిత్తునని అచటి ప్రభుత్వముతో కరారు చేసికొనెను. 1801లో రాజధానియందు పెద్దల యెదుట ముక్కలను కలిపి కూర్చి చూపి మెప్పు పొందెను. కడపటి తుపాకి మాత్రము 1809లో గాని ముట్టలేదు. 20వ శతాబ్దమున పరిశోధకులు ఆయన తుపాకులను విప్పి చూడగా ముక్కలు ఒకదాని కొకటి మాఱవని తేలినది. వెనుకటి పనివారివలెనే గుర్తులు పెట్టియున్నవి. ప్రదర్శనకు ప్రత్యేకముగా సిద్ధపఱచిన ముక్కలను తెచ్చియుండవలెను. పాఠశాల పుస్తకములలో కీర్తి అతనికే దక్కినది. నిజముగ పని సాధించినవాడు హార్పర్సు ఫెర్రీ ఆయుధశాలలోని జాన్ హాలు. 1820ల చివర ప్రభుత్వము నియమించిన పరీక్షకులు అతని తుపాకులు నూఱింటిని విప్పి, ముక్కలు కలగలిపి, మరల కూర్పించిరి, కుదిరినవి. తరువాత సిమియను నార్తు అను వేఱొక ఊరి కార్ఖానాదారుడు చేసిన ముక్కలును హాలు ముక్కలతో కుదిరెను. రెండూళ్లలో ఇద్దఱు వేర్వేఱు మనుష్యులు చేసిన మర ఒకే రంధ్రమున బిగియుట లోకమునకు క్రొత్త.

ఇంగ్లీషువారు 1854లో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలను చూడ తమ ప్రతినిధులను పంపిరి. వారు 1844 మొదలు 1853 వఱకు ఏటికొకటి చొప్పున చేసిన పది తుపాకులను ఏఱి, విప్పించి, ముక్కలను కలగలిపించిరి. పిమ్మట ప్రతినిధులే తోచిన ముక్కను తీసి పనివానికి అందించుచుండగా, అతడు ఒక్క స్క్రూడ్రైవరు మాత్రము చేతబట్టి పదింటిని కూర్చెను. ఆకురాయి తాకలేదు, సుత్తి తాకలేదు. ఆ మీదట ఇంగ్లాండువారు అమెరికా యంత్రములను కొని ఎన్‌ఫీల్డు కార్ఖానాలో నెలకొల్పిరి. మన దేశమున 1857లో సిపాయిల తిరుగుబాటునకు నిప్పంటించిన తూటాలు ఈ ఎన్‌ఫీల్డు పేరు గల తుపాకివే.

తుపాకులలోని ముక్కలు ఒకే కార్ఖానాలో కుదురుట యొక యెత్తు. దేశమంతటను ఒకే మర యుండుట మఱియొక యెత్తు. ఈ రెండవ పనికి పునాదివేసినవాడు హెన్రీ మాడ్‌స్లే. అతడు 1771లో పుట్టి, పండ్రెండేండ్ల ప్రాయముననే వూల్విచి ఆయుధశాలలో తూటాలు నింపు పనికి కుదిరెను. పెరిగి లండనులో కార్ఖానా పెట్టి, 1800 ప్రాంతమున మర కోయు ఇనుప తరిమెనను నిర్మించెను. అంతకుముందు పనివాడు ఉలిని చేత బట్టుకొని మర కోసెడివాడు; చేయి వణికినచో మరయు వణకును. మాడ్‌స్లే ఉలిని బిగించి, దానిని వేఱొక పెద్దమరచేత నడిపించెను. అతడు అయిదడుగుల పొడవున ఒక మరను కోసెను. అందు అంగుళమునకు 50 చుట్లు. దానికి పండ్రెండంగుళముల నట్టును చేసెను. అందు 600 చుట్లు. ఆఱువందల చుట్లలో నొక్కటి తప్పినను నట్టు ఎక్కదు. ఎక్కినది.

మాడ్‌స్లే వద్ద పనినేర్చిన జోసెఫు విట్‌వర్తు మాంచెస్టరులో సొంత కార్ఖానా పెట్టెను. ఇంగ్లాండులోని కార్ఖానాలలో ఎవరి మర వారిది. విట్‌వర్తు అనేక కార్ఖానాలనుండి మరమేకులను తెప్పించి, కొలిచి, వాని నడిమికొలత తీసెను. చుట్టు వాలు 55 డిగ్రీలనియు, పావు అంగుళపు మరకు అంగుళమునకు 20 చుట్లనియు, అర అంగుళపుదానికి 12 చుట్లనియు, అంగుళపుదానికి 8 చుట్లనియు పట్టిక వేసి 1841లో ఇంజనీర్ల సభయందు చదివెను. నాకీ పద్ధతి మిక్కిలి మెచ్చుకొనదగినదిగా తోచును. తన మరయే మేలని వాదింపక, అందఱి మరలను తెప్పించి నడిమిదారి పట్టెను; అందుచేత ఎవరికిని ఓడినట్లు తోచలేదు. ఫలము త్వరలోనే కనబడెను. క్రిమియా యుద్ధమున ఫిరంగి పడవలకు ఇంజనులు తొందరగా కావలసివచ్చినప్పుడు జాన్ పెన్ అను కార్ఖానాదారుడు మాదిరి ఇంజనులను విప్పి, ముక్కలను వేర్వేఱు కార్ఖానాలకు పంపి, 90 దినములలో 90 జతల ఇంజనులను సిద్ధము చేయించెను. మరలన్నియు ఒక్క కొలతవి గనుకనే అది సాధ్యమయ్యెను.

అమెరికావారు ఆ మరను స్వీకరింపలేదు. 1864లో విలియము సెల్లర్సు అనునతడు వాలు 60 డిగ్రీలుగా వేఱొక పట్టిక నేర్పఱచెను. విట్‌వర్తు మర శిఖరము గుండ్రన. దానిని కోయ నేర్పరి కావలెను. సెల్లర్సు మర శిఖరము చదును, సామాన్యుడు కోయగలడు. ఆయన వాదము న్యాయమే. కాని లోకమున మరలు రెండు కులములయ్యెను.

ఒక్క దేశములోపలనే మరలు కలియనిచో ఏమగునో 1904 ఫిబ్రవరి 7వ తేదీన బాల్టిమోరు నగరము కనులార చూచెను. ఆ యాదివారము ఉదయము వర్తకవీథిలో ఒక భవనమున నిప్పంటుకొనెను. గాలి తోడయ్యెను. నగరపు అగ్నిమాపక దళము చాలక పొరుగూళ్లకు తంతులంపిరి. వాషింగ్టను నుండి ఇంజనులను రైలుబండి మీద ఎక్కించి తెచ్చిరి. ఫిలడెల్ఫియా నుండియు, ఇతర నగరముల నుండియు వచ్చిరి. మనుష్యులు వచ్చిరి, ఇంజనులు వచ్చెను, వీథిలో నీటిగొట్టముల నిండ నీరున్నది. కాని వారు తెచ్చిన గొట్టముల కొనల మర బాల్టిమోరు నీటిగొట్టముల మరకు పట్టలేదు! కొందఱు గోనెపట్టాలు చుట్టి గట్టి చూచిరి. నీరు సగము దారిలోనే చిమ్మిపోయెను. ఇంచుమించు 30 గంటలు ఆ నగరము మండినది. 1,500కు పైగా భవనములు కాలి కూలెను. తరువాత ప్రభుత్వపు కొలతల శాఖవారు విచారింపగా ఆ దేశమున అగ్నిమాపక గొట్టముల మరలు 600కు మించిన రకములున్నట్లు తేలినది. మఱుసటి యేడే ఒక్క కొలతను నిర్ణయించిరి. ఒక్కొక్క నగరపు పనివాడు ఒక్కొక్క మర కోసినప్పుడు దానివలన ఊరు కాలునని ఎవడు తలచును?

రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లాండు అమెరికాలు ఒకే పక్షమున పోరాడినవి. వారి మరలు మాత్రము పోరాటము మానలేదు. అర అంగుళపు ఇంగ్లీషు మరకు అంగుళమునకు 12 చుట్లు, అమెరికా మరకు 13 చుట్లు. వాలులోను భేదమే. ఒకరి లారీకి ఒకరి నట్టు ఎక్కదు. ఒకే వస్తువును రెండు విధములుగా చేసి, సముద్రములు దాటించి, రెండు గిడ్డంగులలో నిలువచేయవలసివచ్చెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1948 నవంబరు 18వ తేదీన ఇంగ్లాండు, అమెరికా, కెనడా ప్రతినిధులు వాషింగ్టనులో కూడి 60 డిగ్రీల ఏకమరకు ఒడంబడిక వ్రాసికొనిరి. మన దేశమున 1956లో మెట్రిక్కు కొలతల చట్టము వచ్చినది. అయినను పాత ఆయిలింజనులు గల పల్లెలలో మెకానిక్కు సంచిలో అంగుళపు పానాలు, మిల్లీమీటరు పానాలు రెండును మోయుట పెద్దలు చూచియే యుందురు.

ఇక మొదటి కష్టమునకు వత్తము. గాడి యెందుకు చెడును? సామాన్యపు స్క్రూడ్రైవరు మొన గొడ్డలి యంచువలె పైన మందము, క్రింద పలుచన. గాడి గోడలు నిటారు. కావున అది గాడి పైయంచును మాత్రమే తాకును. బలముగ త్రిప్పినచో పైకి లేచి, అంచును చెక్కివేయును. తుపాకి పనివారు దీనిని ఎఱిగినవారై మొన రెండువైపులను సమముగ అరగదీసి, గాడి అడుగువఱకు, ఈ కొననుండి ఆ కొనవఱకు నిండునట్లు కుదుర్చుకొందురు. గాడి గాడికి ఒక స్క్రూడ్రైవరు గల పనివాని పెట్టె చూచినచో వాని నేర్పు తెలియును.

చెడిన తరువాత చేయు పనులలో తొందర పనికిరాదు. మొదట నూనె పోసి ఒక రాత్రి నాననిత్తురు. పిదప మొనను గాడిలో నిలిపి సుత్తితో మెల్లగ కొట్టుదురు. ఆ యదురునకు త్రుప్పు పగులును. అంతటను కదలనిచో వేడి చూపుదురు. బండి చక్రమునకు ఇనుపకమ్మి వేయునపుడు కమ్మరి కాల్చి సాగదీయు మర్మమే ఇది. గాడి బొత్తిగా పోయినచో సన్నని ఱంపముతో క్రొత్తగాడి కోయుదురు. ఒక పల్లెలో ఆయిలింజను బాగుచేయు ముసలి పనివాడొకడు ఱంపము లేక, సన్న ఉలి మొనను తల అంచున ఏటవాలుగ నిలిపి, ఎడమవైపునకు చిన్న దెబ్బలు వేయుచు అరగంటలో దానిని దింపుట నేను చూచితిని. అంత సేపును అతడు ఒక్కసారియైనను బలముగ కొట్టలేదు.

తలయే తెగిపోయినచో బరమాతో నడిమధ్య రంధ్రము చేసి, ఎడమచుట్టు మర గల కొనదేఱిన ఉక్కుమేకును అందు దింపుదురు. మన మరమేకులు కుడివైపు త్రిప్పిన బిగియును, ఎడమవైపు త్రిప్పిన వదులగును. ఈ మేకు ఎడమవైపు త్రిప్పినపుడే లోపలికి కఱచుకొనును. కఱచుకొని చెడినదానిని వెంటబెట్టుకొని వచ్చును. మరను మరతోనే తీయుట ముల్లును ముల్లుతో తీసినట్లే. ఐతే ఈ మేకు గట్టిది గనుక పెళుసు. లోపల విఱిగినచో బరమా కూడ దానిపై పనిచేయదు. రోగముకంటె మందు ప్రమాదకరమగును. అందుచేత మంచి పనివాడు దానిని కడపట గాని ముట్టడు.

గాడినే మార్చిన వారును కలరు. కెనడావాడగు రాబర్ట్‌సను 1908లో చదరపు గుంట గల తలను కల్పించెను; స్క్రూడ్రైవరు అందు జారదు. అమెరికావాడగు హెన్రీ ఫిలిప్సు 1936లో హక్కు పొందిన కూడికగుర్తు తల మన యిండ్లలో నేడు సర్వత్ర కనబడుచున్నది. అదియు చెడును, చెడు విధము వేఱు. 1953లో వెర్నను క్రీబిలు అను ఆచార్యుడు లోహపు చుట్లనడుమ గాలి లేనిచోట గట్టిపడు ఒక జిగురును కనిపెట్టెను. తుపాకి అదురునకు మరలు వదులు కాకుండ దానిని పూయుదురు. విప్పువాడు ఆ సంగతి ఎఱుగక బలిమి చేసినచో గాడి పోవును. కాచినచో జిగురు మెత్తబడి మర దిగివచ్చును.

అమెరికాలో చట్టము అనుమతించినంత మేరకు గృహస్థులు ముక్కలు కొని తెచ్చుకొని ఇంటనే తుపాకిని కూర్చుకొందురు. బ్లాంకు గడులలోని ముక్కలు నేడు అంగడిలో దొరకుచున్నవన్నమాట. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకిని చేయుటయు, బాగుచేయుటయు నేరమే. కావున మన యూళ్లలో ఈ పని లైసెన్సుగల తుపాకి మరమ్మతుదారునిది.

మన పోలీసు భటుల భుజములమీద ఏండ్ల తరబడి పెద్దలు చూచిన .303 తుపాకి లీ ఎన్‌ఫీల్డు జాతిది. బెంగాలులోని ఇషాపూరు కార్ఖానాలో అది వేలకొలది తయారయ్యెను. ముందుకఱ్ఱ చీలకుండ అచటివారు అడ్డముగ ఒక మరమేకును అదనముగ బిగించిరి. నేటికిని లోకమున తుపాకి సేకరించువారు దానిని ఇషాపూరు స్క్రూ అనియే పిలుతురు. ఈ తుపాకి మరలలో ననేకము విట్‌వర్తు పట్టికకు లొంగవు. విట్‌వర్తు పుట్టిన దేశపు ప్రభుత్వ కార్ఖానాయే తన సొంత కొలతల మరలను విడువలేదు. అందుచేత పాత .303లో గాడి చెడిన మరమేకును వారము దినములు నూనెలో నానబెట్టి, వేడి చూపి, ఎట్టకేలకు దింపిన పనివాడు దానిని చేతబట్టుకొని ఇనుపసామాను అంగడికి పోయినచో దాని జత అచట దొరకదు. తిరిగివచ్చి చుట్లు లెక్కించి, తరిమెన పట్టి, ఆ యొక్క రంధ్రము కొఱకు ఒక్క మరను కోసికొనవలసినదే.